కళ్లం కాపలా, డిటెక్టివ్ నవల, నేను దాచిన మాట

నల్లతామర గురించి రాయమని చాలామంది అడిగారు, అది వచ్చే వారం రాస్తా. ఈసారి పోస్టు వేరే. కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి. సగంలో ఆపితే నన్ను మంచోడనుకుంటారు.

నాకు డిటెక్టివ్ నవలల పిచ్చి ఉందని మా ఊళ్లో అందరికీ తెలుసు. కళ్లంలో కాయ ఆరబోసి రాత్రిపూట కాపలా పడుకుంటే నిద్ర ఎక్కడ పడుతుంది? ఒక పక్క కుక్కలు, ఒక పక్క మబ్బు పడుతుందేమోనని భయం. టార్చిలైటు చంకలో పెట్టుకుని పుస్తకం చదవడం నాకు పదో తరగతి నుంచీ అలవాటు. అప్పట్లో నరసరావుపేట బస్టాండు దగ్గర అద్దెకి పుస్తకాలిచ్చే కొట్టు ఉండేది. పురుగుమందు కోసమని నాన్న పేటకి పంపితే మందుడబ్బాతో పాటు రెండు నవలలు సంచిలో వేసుకొచ్చేవాణ్ణి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు, మధుబాబు గారి షాడో... వీళ్లంతా మా ఇంట్లో మనుషుల్లాగే ఉండేవాళ్లు. "ఆ దొంగల పుస్తకాలు చదివి దొంగవవుతావురా" అని నాన్న తిట్టేవాడు.

అన్ని పుస్తకాలు చదివాక ఒక సంగతి అర్థమైంది. మొదటి పేజీల్లో గడ్డం పెంచుకుని, ఎర్రకళ్లేసుకుని తిరిగేవాడు ఎప్పుడూ దోషి కాదు. కాఫీ తెచ్చేవాడు, ఏడుస్తున్న వాళ్ల భుజం మీద చెయ్యేసేవాడు, ప్రతి పేజీలో ఉన్నా మనం చూడనివాడు, చివరికి వాడే అవుతాడు. కొత్తవాడు ఎవడూ మనల్ని మోసం చెయ్యలేడు, వాణ్ణి మనం కనిపెడుతూనే ఉంటాం కదా. మోసం చెయ్యాలంటే ముందు నమ్మకం ఉండాలి. ఈ సూత్రం నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. తెలిసి ఏం లాభం?

మా ఊళ్లో మిర్చి కొనే ఆయన ఒకాయన ఉండేవాడు. పేరు వద్దు. మాకు దూరపు చుట్టరికం కూడా ఉంది, నన్ను "బావా" అనేవాడు. పద్నాలుగేళ్లు మా సరుకు కొన్నాడు. కళ్లంలోనే కాటా వేయించి, లారీ ఎక్కించి గుంటూరు తీసుకుపోయేవాడు. యార్డుకి పోతే కిరాయి, హమాలీ, కమీషను, రెండు రోజుల పడిగాపులు. అవన్నీ తప్పుతాయి కదా అని మేమూ ఆయనకే ఇచ్చేవాళ్లం. మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు మూడు రోజులు మాతోనే ఉన్నాడు. మా చెల్లెలి పెళ్లికి పీటలు మోశాడు. అలాంటి మనిషిని ఎవరు అనుమానిస్తారు?

ఇప్పుడు వెనక్కి తిరిగి చదువుకుంటే ఆనవాళ్లన్నీ పేజీల్లోనే ఉన్నాయి. మొదటి ఏళ్లలో కాటా దగ్గరే డబ్బు. తర్వాత వారం రోజులు. తర్వాత నెల. ఆ తర్వాత "సరుకు ఏసీలో పెట్టా బావా, రేటు పెరగ్గానే ఇస్తా". చివరి రెండేళ్లలో యార్డు రేటు కంటే క్వింటాకి మూడు నాలుగొందలు ఎక్కువిస్తానన్నాడు. అందరికంటే ఎక్కువ రేటు, అందరికంటే ఆలస్యంగా డబ్బు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లాడికి కూడా అర్థం కావాలి. మేం రేటు ఒక్కటే చూశాం.

ఇంకోటి, లెక్కలన్నీ ఆయన ఎర్రపుస్తకంలోనే. మా చేతికి ఒక చీటీ లేదు. "పుస్తకంలో రాశాగా బావా" అంటే సరిపోయేది. మా అమ్మాయి ఒక ఇంగ్లీషు నవల కథ చెప్పింది, పేరు గాన్ గర్ల్, గిలియన్ ఫ్లిన్ అనే అమెరికా ఆవిడ 2012లో రాసింది. అందులో పెళ్లాం కనబడకుండా పోతుంది. ఆమె డైరీ దొరుకుతుంది. రాతలో ఉంది కాబట్టి పోలీసులు నమ్ముతారు. తీరా చూస్తే మొగుణ్ణి ఇరికించడానికి ఆమే కూర్చుని తయారుచేసిన డైరీ అది. రాత ఉంటే చాలదు, ఎవరు రాశారో, ఎవరి దగ్గర ఉందో కూడా చూడాలి. ఎర్రపుస్తకం రాసేదీ ఆయనే, దాచుకునేదీ ఆయనే. మేం దాన్ని సాక్ష్యం అనుకున్నాం.

పోయినేడాది శ్రీరామనవమి అయిన మూడో రోజు ఫోను స్విచాఫ్. ఇంటికి తాళం. మా వీధిలోనే నలుగురం. నావి 60 టిక్కీలు. పక్క చేను బాబాయివి 45. మా పెదనాన్న గారి అబ్బాయి, అన్నయ్యవి 70. ఎదురింటి అక్కవి 22. ఆ అక్క భర్త పోయాక ఎకరంన్నర కౌలుకి చేస్తోంది. మిగతా వీధులవాళ్లు వేరే. ఎండలు ముదిరాక కోర్టు నుంచి రిజిస్టరు పోస్టులో కవర్లు వచ్చాయి. ఐపీ పెట్టాడు. 1920 నాటి దివాలా చట్టం కింద వేసే పిటిషను అది. అప్పులోళ్లందరి పేర్లు, ఎవరికెంత బాకీనో వరసగా జాబితా ఉంటుంది.

ఊరంతా ఒకటే మాట. "లోపల ఎవడికో ముందే తెలిసుంటుంది." అరుగు మీద కూర్చుని నేనూ అన్నాను ఆ మాట. అగాథా క్రిస్టీ 1939లో రాసిన నవల ఒకటుంది. పదిమంది ఒక దీవిలో చిక్కుకుంటారు, ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు. హంతకుడు ఎక్కడో దాక్కున్నాడని దీవంతా గాలిస్తారు. బయటివాడు ఎవడూ ఉండడు. ఆ కథ కూడా నేను అరుగు మీద చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు.

ఇక అసలు సంగతి. ఈ ఫిబ్రవరిలో మా అమ్మాయి సెలవులకి వచ్చి, సాయంత్రం కళ్లానికి అన్నం కారేజీ తెచ్చి, చీకటి పడేదాకా కూర్చుని కథ చెప్పేది. డిగ్రీ చదువుతోంది, ఇంగ్లీషు పుస్తకాలు ఫోనులోనే చదువుతుంది. ఒక రోజు అగాథా క్రిస్టీ ఇంకో నవల మొదలుపెట్టింది. ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్, 1926లో వచ్చింది. చదవాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ముందే చెబుతున్నా, ముడి విప్పేస్తున్నాను, ఏమనుకోవద్దు.

ఒక పల్లెటూరు. ఆ ఊరి డాక్టరు కథ చెబుతుంటాడు. పొయిరో అనే పెద్ద డిటెక్టివు పని మానేసి ఆ ఊళ్లో సొరకాయల్లాంటి కాయలు పండించుకుంటూ ఉంటాడు. అది విని నాకు భలే నచ్చింది. ఊళ్లో పెద్దమనిషి హత్య అవుతుంది. డాక్టరు డిటెక్టివుకి సాయంగా తిరుగుతూ మనకంతా చెబుతుంటాడు. "హంతకుడు ఎవరో చెప్పు నాన్నా" అంది మా అమ్మాయి. కొడుకు వరసవాడన్నా, సెక్రటరీ అన్నా, నౌకరు అన్నా. అన్నిటికీ తల అడ్డంగా ఊపి నవ్వింది.

"కథ చెబుతున్న డాక్టరే నాన్నా. మనకి ఒక్క అబద్ధం కూడా చెప్పడు. ఒక మాట చెప్పకుండా దాటేస్తాడు, అంతే."

అన్నం ముద్ద గొంతులో ఆగిపోయింది. ఏమైంది నాన్నా అంది. కారం ఎక్కువైంది అన్నా.

అంతకు ముందు ఏడాది మార్చిలో ఒక రాత్రి పదింటప్పుడు ఆయన మా ఇంటి వెనక గుమ్మం నుంచి వచ్చాడు. తువ్వాలులో చుట్టి రెండు లక్షలు నా చేతిలో పెట్టాడు. నాకు రావాల్సింది మూడు లక్షల అరవై వేలు. "మిగతాది ఉగాది తర్వాత ఇస్తా. ఎవరితో అనొద్దు బావా, అందరూ మీద పడతారు" అన్నాడు. నేను అనలేదు. మా ఇంటావిడకి కూడా చెప్పలేదు. ఎరువుల కొట్టు బాకీ కట్టేసి, అమ్మాయి ఫీజు పంపించి ఊరుకున్నా.

నాలుగు రోజుల తర్వాత బాబాయి కళ్లానికి వచ్చాడు. "ఒరే, ఈసారి ఆయనకి ఇవ్వొచ్చంటావా? ఏదో మాటలు వినబడుతున్నాయి." నేనేమన్నానో తెలుసా? "ఇన్నేళ్లలో నాకు ఒక్క రూపాయి పోలేదు బాబాయ్." అది నిజమే. అబద్ధం కాదు. అదే మాట అన్నయ్యకీ చెప్పా, అక్కకీ చెప్పా. ముగ్గురూ ఆ వారంలోనే కాటా వేయించారు.

అందరికీ ఇవ్వగలిగిన మనిషి రాత్రిపూట వెనక గుమ్మం నుంచి ఎందుకొస్తాడు? ఎవరితో అనొద్దని ఎందుకంటాడు? ముప్పై ఏళ్లు డిటెక్టివ్ నవలలు చదివినవాడికి అది తెలియదా? తెలిసింది. ఆ రాత్రే కడుపులో ఏదో కలుక్కుమంది. కానీ నా డబ్బు నాకొచ్చింది కదా అనుకున్నా. ఆ రెండు లక్షలు ఆయన నాకిచ్చిన బాకీ కాదు, మిగతావాళ్లకి వేసిన ఎర. ఊళ్లో నలుగురూ వచ్చి అడిగేది నన్నే అని ఆయనకి తెలుసు.

ఐపీ నోటీసులో నా పేరు ఎదురుగా 1,60,000 అని స్పష్టంగా ఉంది. అరవై టిక్కీలకి అంతేనా అని ఎవరైనా లెక్క వేస్తే ఆ రోజే బయటపడేది. ఎవరి పేరు వాళ్లు చూసుకున్నారు, నన్నెవరూ చూడలేదు. నవలల్లో కాఫీ తెచ్చేవాణ్ణి చూడనట్టే.

మా అమ్మాయి ఆ కథ చెప్పిన రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లారి ముందు మా ఇంటావిడకి చెప్పా. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ డబ్బు నలుగురిదీ" అంది. లెక్క వేశాం. నలుగురివీ కలిపి 197 టిక్కీలు, రెండు లక్షలు. టిక్కీకి వెయ్యి చొప్పున నా వాటా 60 వేలు ఉంచుకుని, బాబాయికి 45 వేలు, అన్నయ్యకి 70 వేలు, అక్కకి 22 వేలు ఇవ్వాలి. చేతిలో డబ్బెక్కడిది, ఎప్పుడో ఖర్చయిపోయింది. ఆమె గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చాం.

అన్నయ్య డబ్బు తీసుకుని తలుపేసుకున్నాడు. ఇవాళ్టికీ మాట లేదు. అక్క తీసుకుని లెక్కపెట్టుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇంతకు ముందు నేను ఏమిచ్చినా లెక్కపెట్టేది కాదు. బాబాయి మాత్రం డబ్బు మంచం మీద పెట్టి నా మొహం చూసి ఒక మాట అన్నాడు.

"వాణ్ణి నేనెప్పుడు నమ్మానురా? నిన్ను నమ్మాను."

ఆయన ఐపీ పెట్టిన రోజు కూడా నాకు అంత దెబ్బ తగల్లేదు. ఏడాదిగా నేను మోసపోయినవాణ్ణని అందరికీ చెప్పుకుంటున్నా. బాబాయి కథలో మోసం చేసింది నేను.

ఇదంతా ఎందుకు రాశానంటే, మళ్లీ కళ్లాల రోజులు. మళ్లీ ఎవరో ఎక్కువ రేటు చెబుతారు. నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతా. కొనేవాడికి మార్కెట్ కమిటీ లైసెన్సు ఉందా అని అడగండి, 1966 మార్కెట్ల చట్టం కింద అది ఉండాలి. కాటా వేసిన రోజే బరువు, రేటు, మొత్తం రాసి సంతకం పెట్టిన చీటీ మీ దగ్గర ఉంచుకోండి. డబ్బు ఆగితే రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో ప్రోనోటు రాయించుకోండి. దానికి మూడేళ్లే గడువు. ఆ గడువు లోపల కొంత ఇస్తే నోటు వెనక చెల్లు రాయించి ఆయన సంతకం తీసుకోండి, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు వస్తుంది. చుట్టమైనా సరే అడగండి. కాగితం అడిగితే చెడిపోయే చుట్టరికం అయితే అది ముందే చెడిపోయిందని లెక్క.

వీటన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది. "ఎవరికీ చెప్పొద్దు" అని మీ ఒక్కరికే ఎవరైనా డబ్బు ఇస్తే, ఆ రాత్రే పక్కింటి తలుపు కొట్టి చెప్పండి. నేను నాలుగు రోజుల్లో చెప్పి ఉంటే ముగ్గురి సరుకు మిగిలేది. పదకొండు నెలలకి చెప్పాను.

నవలలు ఇంకా చదువుతున్నా. మొన్న కళ్లంలో ఒకటి మొదలుపెడితే బాబాయి వచ్చి మంచం చివర కూర్చున్నాడు. చాలా రోజులకి వచ్చాడు. "ఇందులో ఎవడ్రా దొంగ?" అన్నాడు. ఇంకా తెలియదు బాబాయ్ అన్నా. "తెలిసినప్పుడు చెప్పు, ఈసారి ఆలస్యం చెయ్యకు" అని బీడీ వెలిగించుకున్నాడు.

మీ ఊళ్లో ఇలాంటివి జరిగి ఉంటే కింద రాయండి. పేర్లు మాత్రం రాయొద్దు. అన్నయ్య ఈ పేజీ చూస్తాడని నాకు తెలుసు. అన్నయ్యా, తప్పు నాదే.