తూర్పువారు

నా బాల్యమున వరికోతల కాలము వచ్చినదనగా రాజోలు ప్రాంతమందలి మా యూరికి శ్రీకాకుళము వైపునుండి కూలిజనులు వచ్చుచుండెడివారు. మావారు వారిని “తూర్పువారు” అనెడివారు. ఒక యేడు వారి వెంట వచ్చిన నా యీడు బాలుడొకడు మా యరుగుకడ నిలిచి, నా పలక నొకమారు చూపుమని యడిగెను. “తూర్పువానికి పలక యెందులకు?” అని నేను నవ్వితిని. వాడు మారు పలుకక వెడలిపోయెను.

కొన్ని యేండ్లకు నేను చదువునకై సఖినేటిపల్లి రేవున పంటు నెక్కి, వసిష్ఠను దాటి నరసాపురము చేరితిని. వసతిగృహమున మొదటి రాత్రియే యొకడు నన్ను జూపి “ఇతడు తూర్పువాడు” అనగా తక్కినవారు నవ్విరి. నాకు మొదట కోపము వచ్చెను. పిమ్మట ఆ పలక నడిగిన బాలుని మొగము జ్ఞప్తికి వచ్చి సిగ్గు కలిగెను. ఏరు దాటినంతమాత్రమున నేనే తూర్పువాడ నైతిని!

తరువాత ఇటలీ భాషయందలి దిక్కుల పేర్లను గూర్చి చదివితిని. సూర్యుడు లేచు దిక్కు వారికి లెవాంతె. అస్తమించు దిక్కు పొనెంతె. మన పడమర యందును పొద్దు పడుటయే కలదు. ఉత్తరము సెత్తెంత్రియోనె, లాటిను భాషలో ఏడు దుక్కిటెద్దులని దాని మూలార్థము. ఆ యేడు చుక్కలే మనకు సప్తర్షులు. మన దక్షిణము తూర్పు మొగమై నిలిచినవాని కుడి వైపు. వారి దక్షిణము మెజ్జొజోర్నో, అనగా మధ్యాహ్నము. ఈశాన్యపు గాలి వారికి గ్రెకాలె, గ్రీకుగాలి. దక్షిణ ఇటలీ దిగువ సముద్రమున ఓడ నడపువానికి ఆ పేరు తగును. గ్రీసులోనే నిలిచినవానికి తగునా? దిక్కు పేరు, పలుకువాడు నిలిచిన చోటును దెలుపును గాని, పిలువబడినవాని గుణమును దెలుపదు.

మెజ్జొజోర్నో యను మాట ఇటలీ దక్షిణదేశమునకే పేరయ్యెను. 1950, 1960 దశకములలో అచ్చటినుండి మిలాను, తురీను నగరముల కర్మాగారములకు పనికై పోయిన లక్షలాది జనులను “దక్షిణాదివారు” అని చులకనగా పిలిచినవారు పలువురు. మా యూరి మాటయు నట్టిదే కదా!

తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి యను జిల్లాల పేర్లు 1925లో వచ్చినవి. 2022 ఏప్రిల్ 4న అమలాపురము ముఖ్యపట్టణముగా కోనసీమ జిల్లా యేర్పడుటతో మా చిరునామానుండి “తూర్పు” తొలగినది. కోన యనగా మూల యందురు. ఎవరికి మూల? గౌతమీ వసిష్ఠల నడుమ బుట్టిన మాకు అదియే లోకమునకు నడుమ.

ప్రియ విద్యార్థులారా! మీ తరగతికి క్రొత్తవాడు వచ్చినపుడు ఏ దిక్కునుండి వచ్చితివని యడుగుటకు ముందు నీ పేరేమని యడుగుడు. నేనా బాలుని పేరడుగలేదు. అందుచేత, క్షమాపణ చెప్పుకొన దలచినపుడెల్ల, పిలుచుటకు నాకు “తూర్పువాడు” అను మాట యొక్కటియే మిగిలియున్నది.