మా అత్తగారి మాత్రలు

గడచిన సంక్రాంతినాటి రాత్రి మా అత్తగారికి కుడి ప్రక్కటెముకల క్రింద నొప్పి పుట్టి భుజమువఱకు ప్రాకెను. గారెలు తిన్నందున నజీర్తి యనుకొని మేము వామునీరు త్రాగించితిమి. రెండుగంటలకు తగ్గెను, మేమును మఱచితిమి. నెలలోపల నదే నొప్పి రెండుమాఱులు వచ్చెను. పరీక్ష చేయింపగా పిత్తాశయములో చిన్నరాళ్లు కానవచ్చెను.

శస్త్రచికిత్స యనగానే యామె వణకెను. "మాత్రలతో కరగింపరాదా, నాయనా?" యని వైద్యుని నడిగెను. కరగించు మందు కలదు. దాని పేరు అర్సోడియాక్సికోలిక్ ఆమ్లము. కాని సోదరీమణులారా, సున్నము పట్టని చిన్న కొలెస్టరాలు రాళ్లకే యది పనిచేయును. 6 నెలలు మొదలు 2 సంవత్సరములు వాడవలెను. కరగినను 5 ఏండ్లలో సుమారు సగముమందికి మరల పుట్టును. మేమెఱుగని సంగతి మఱియొకటి: ఆ మాత్ర వచ్చిన నొప్పి నణచదు. నొప్పికి డైక్లోఫినాక్ వంటి మందు వేఱు. అదియు కడుపుపుండు, మూత్రపిండముల వ్యాధి లేవని చూచిన పిదపనే వైద్యు డిచ్చును.

ఆమె మాత్రలే కోరెను. భయపడువారిని బలవంతపెట్టుట మాకు చేతకాదు. నాలుగవ నెలలో నొకరాత్రి మరల నొప్పి రాగా, కత్తికి పంపుదుమని కాబోలు, మాకు చెప్పక దుప్పటి కఱచుకొని పడుకొనెను. తెల్లవాఱునప్పటికి చలిజ్వరము, పచ్చబడిన కన్నులు! అట్లయిన నొక్క గడియయు నింట నుండరాదని వైద్యుడు ముందే చెప్పియుండెను గనుక వెంటనే యాసుపత్రికి గొనిపోయితిమి. నాళములో చిక్కిన రాతిని నోటిగుండ పంపిన గొట్టముతో తీసి, పిదప పిత్తాశయమునే తొలగించిరి.

ఇంటికి వచ్చి, పొట్టమీది నాలుగు చిన్నగాట్లను మాకు చూపి, మిగిలిన మాత్రల నేమి చేయుదమని యడిగెను.