నామరూపములు – ఒక పాత ఫైలు

మట్టికుండ పగిలినను మట్టి నశింపదు. కుండ యను పేరును, గుండ్రని ఆకారమును మాత్రమే పోవును. వేదాంతులు తరచుగా చెప్పు ఈ దృష్టాంతము కంప్యూటరుపై తెలుగు వ్రాయువారికి ఒక్కొక్కప్పుడు తలక్రిందులుగా అనుభవమునకు వచ్చును. అచ్చట ఆకారము చెక్కుచెదరక కంటికి కనబడుచుండగనే లోపలి పదార్థము మరియొకటియై యుండవచ్చును. తెరపై తెలుగుగా భాసించునది నిజమునకు తెలుగు కాకపోవచ్చును. ఈ సంగతి తెలియనంతకాలము పని నిరాటంకముగా సాగును. తెలిసిన దినమున ఎన్నో యేండ్ల శ్రమ నిలుచునా, పోవునా అను సందేహము కలుగును.

1860లో సంస్కృత కళాశాల వెలసిన విజయనగరమున శాస్త్రపాఠములు శ్రద్ధగా విన్నవారు నేటికిని అక్కడక్కడ కలరు. అట్టివారిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కొన్నేండ్లుగా వేదాంత విషయములను కంప్యూటరుపై వ్రాసి అంతర్జాలమున నుంచుచున్నారు. ఆయన గురువుగారు వివేకచూడామణిపై సాయంకాలములందు ఉపన్యాసములు చేసిరి. శిష్యులు వానిని వ్రాసికొని, డీటీపీ కేంద్రమున కూర్పించి, పేజ్‌మేకర్ ఫైలులుగా ఒక సీడీలో దాచిరి. పుస్తకము వెలువడకమునుపే గురువుగారు పరమపదించిరి. నోటుపుస్తకములలో అధికభాగము చెదల పాలయ్యెను. మిగిలినవి ఆ సీడీయు, ఒక్కమారు ముద్రించిన ప్రూఫు కాగితముల కట్టయు మాత్రమే.

పేజ్‌మేకర్ చివరి ముఖ్యరూపమైన 7.0 వెలువడినది 2001లో. ఆ తరువాత ఆ వంశము అంతరించినది. కావున పాత ఫైలులను తెరచుటకు పాత కంప్యూటరు నొకదానిని వెదకవలసివచ్చెను. అది దొరికి, ఫైలు తెరచుకొనగా, తెరపై తెలుగునకు బదులు ఆంగ్లాక్షరములును, యూరపు భాషలలోని కొమ్ముల గుర్తులును, ప్రశ్నార్థకములును వరుసగా నిలిచెను. డీటీపీ కేంద్రపు యువకుడు చూచి, “మాస్టారూ, ఇందులో తెలుగు లేదండి. అన్నీ ఇంగ్లీషక్షరాలే. వాటికి పైన తెలుగు బొమ్మలు తొడిగారంతేనండి. ఆ ఫాంటు లేకపోతే ఇలాగే కనబడతాదండి” అనెను.

ఆ యువకుడు వేదాంతము చదివినవాడు కాడు. అయినను అధ్యాసకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము దుర్లభము. ఆనాటి ముద్రణ ఫాంటులలో ఆంగ్లాక్షరముల స్థానములందు తెలుగు తలకట్టులు, గుడులు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా అమర్చబడెను. యంత్రము దాచుకొనునది ఆంగ్లాక్షరమును. మానవుడు చూచునది తెలుగక్షరమును. రజ్జువునందు సర్పము తోచినట్లు ఆంగ్లమునందు తెలుగు తోచెను. కాగితముపై అచ్చువేయుటకు ఆ తోపు చాలును. వెదకుటకు, అకారాది క్రమమున నిలుపుటకు, వేరొక యంత్రమునకు పంపుటకు అది చాలదు.

యూనికోడ్ పద్ధతి ఇందుకు భిన్నమైనది. 1991లో వెలువడిన దాని మొదటి రూపమునందే తెలుగునకు చోటు లభించెను. అందులో ‘క’ అను వర్ణమునకు 3093 అను సంఖ్య నియతము. ఆ సంఖ్య ‘క’ యొక్క ఆకారమునకు కాదు, ‘క’ అను వర్ణమునకే చెందును. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటు దానినొక విధముగా, పోతన ఫాంటు మరియొక విధముగా చూపును. సంఖ్య మాత్రము మారదు. వాక్యపదీయమున భర్తృహరి స్ఫోటమునకును ధ్వనికిని చూపిన భేదమును ఇచ్చట స్మరింపవచ్చును. పలుకువారి కంఠమునుబట్టి ధ్వని మారును. దానిచే వ్యక్తమగు శబ్దము ఒక్కటియే. ఆ శబ్దము సరిగా నిలిచినచో ఏ రూపమైనను ధరింపవచ్చును. అక్షరముఖ వంటి లిపి పరివర్తన సాధనము తెలుగులిపిలోని సంస్కృత శ్లోకమును క్షణములో దేవనాగరిలోనికో, గ్రంథలిపిలోనికో మార్చుట ఈ కారణముచేతనే సాధ్యమగుచున్నది.

ఈ సూక్ష్మము ఉత్తరాంధ్రమునకు క్రొత్త కాదు. శ్రీముఖలింగ సమీపమందలి పర్వతాలపేటలో 1863లో జన్మించి, విజయనగరమున చదివిన గిడుగు వేంకట రామమూర్తి గారు ముఖలింగ దేవాలయ శాసనములను స్వయంకృషితో చదువ నేర్చిరి. రాతిపై నున్న అక్షరము నేటి అక్షరమును పోలదు. శతాబ్దముల నడుమ ఆకారము మారినది, వర్ణము మారలేదు. ఆ వర్ణమును గుర్తింపగలిగినవానికి రాయి మాటలాడును. పైన చెప్పిన సీడీ విషయమున జరిగినది దీనికి విపరీతము: ఆకారము నేటిదే, వర్ణమే లేదు.

ఉపాధ్యాయులవారు పని ప్రారంభించిరి. పాత ఫాంటు సంకేతములను యూనికోడ్‌లోనికి మార్చు సాధనములు అంతర్జాలమున లభించును. మొదటి పుట మారి తెలుగై నిలిచినప్పుడు కలిగిన సంతోషము రెండవ పుటలోనే తగ్గెను. ‘అర్థము’ అనవలసిన చోట ‘అర్ధము’ వచ్చెను; భావమునకు మారుగా సగము మిగిలెను. కొన్ని ఫైలులు అసలే తెరచుకొనలేదు. వానికై ప్రూఫు కాగితములను స్కాన్ చేసి, బొమ్మనుండి అక్షరములను గుర్తించు సాధనమునకు ఇచ్చిరి. అది ‘మనస్సు’ను ‘వునస్సు’గా, ‘విషయము’ను ‘విపయము’గా చదివెను. వేదాంతులకు ప్రాణప్రదమైన ఘటము దాని దృష్టిలో ‘ఫుటము’ అయ్యెను. కన్నులు అలసిన దినములలో చదివి వినిపించి వ్రాయించు మార్గమును పరీక్షించిరి. పంఖా తిరుగుచున్న గదిలో ‘అద్వైతము’ అని స్పష్టముగా పలికినను యంత్రము ‘ఆ ద్వైతం’ అని వ్రాసెను.

ఇవి నవ్వుకొని దిద్దుకొనదగిన దోషములు. కొన్ని అట్టివి కావు. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున తొమ్మిదిమార్లు వచ్చు ‘తత్త్వమసి’ మహావాక్యమునకు ముందు ‘ఆత్మా’ అను పదము కలదు. రెండింటిని కలిపి పలికినప్పుడు విడదీయుట ఎట్లన్నది శాస్త్రవివాదము. శంకరులు ‘తత్’ అని గ్రహించిరి; మధ్వాచార్యులు ‘అతత్’ అని విడదీసి జీవేశ్వర భేదమును సమర్థించిరి. గురువుగారు ఆ ఉపన్యాసమున ఉభయ పక్షములను వివరించిరి. యంత్రము ఒక ఖాళీని తనకు తోచిన చోట ఉంచినచో ఒక పక్షము మాయమగును. పైగా లోపించిన అకారమును సూచించు అవగ్రహ చిహ్నమునకు తెలుగు యూనికోడ్‌లో స్థానము దొరకినది 2008లో. అంతకుమునుపటి ఫైలులలో దానికి బదులు ఆంగ్లపు ‘ఎస్’ అక్షరమును, మరేదో గీతనో ఉంచుట కలదు. కావున ఆ పుటలను ఏ సాధనమునకును విడువక, ప్రతి పదమును ప్రూఫుతో పోల్చి, చేతితోనే టైపు చేసిరి.

కంటికి కనబడని గుర్తు ఎంత పని చేయగలదో లోకమంతయు 2018 ఫిబ్రవరిలో చూచినది. ‘జ్ఞ’ అను సంయుక్తాక్షరమునకును దాని దీర్ఘమునకును నడుమ, అక్షరములు కలియకుండ ఆపు ఒక అదృశ్య చిహ్నము చేరిన క్రమమును చూపబోయి ఐఫోనులలోని సందేశ సాధనములు కుప్పకూలెను. కొద్ది దినములలోనే సవరణ వెలువడెను. జ్ఞానమునకు మొదటి అక్షరమే అట్లు యంత్రమును స్తంభింపజేయుట యాదృచ్ఛికము. అయినను కనబడనిది లేనిది కాదన్న పాఠము మాత్రము అందు కలదు.

సవరించిన దానిని నిలుపుకొనుట వేరొక సమస్య. ఈ తీరమున తుపానులు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖతీరమును తాకినప్పుడు విజయనగరమునను, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు శ్రీకాకుళము జిల్లాలోను, విద్యుత్తు లేక జనులు దినముల తరబడి చీకటిలో నుండిరి. బల్లపై కంప్యూటరును నమ్మి ఒకే ప్రతిని ఉంచుట అవివేకము. వేదమును కాపాడినవారు పదపాఠ, క్రమపాఠములతో తృప్తిపడక అష్టవికృతులను కల్పించిరి. ఒకే పదమును ముందునుండి, వెనుకనుండి, జంటగా పలుకుటచేత ఎక్కడ పొరపాటు దొర్లినను బయటపడును. అదే న్యాయమున ఆయన ఒక ప్రతిని పెన్‌డ్రైవులో, ఒకదానిని దూరదేశపు సర్వరులో, ఒకదానిని కాగితముపై ఉంచి, నెలకొకమారు మూడింటిని పోల్చుచున్నారు.

దీనిపై ఒక ఆక్షేపము సహజము. రూపములన్నియు నశించునవే యని బోధించిన గురువు మాటల రూపమునకై ఇంత ఆరాటమెందుకు? ఇది మోహము కాదా? గురువుగారి శరీరము, కంఠస్వరము పోయినవి. వానికై చింతించుట మోహమే. ఆయన చెప్పిన అర్థమును చెడకుండ ముందువారికి అందించుట మాత్రము ఋషిఋణము. ఋణము తీర్చువాడు తనకై కూడబెట్టుకొనుట లేదు. పైగా ఒక్కొక్క అక్షరమును సరిచూచుటచేత, యౌవనమున విని మరచిన ఉపన్యాసములను ఆయన రెండవమారు శ్రవణము చేసినట్లయ్యెను. యంత్రము దోషరహితముగా పనిచేసియుండినచో ఆ మననము లభించెడిది కాదు.

పని చాలవరకు ముగిసినది. సాక్షి చైతన్యమును వివరించు భాగమున మాత్రము ఒక పుట మిగిలెను. ఫైలు తెరచుకొనదు, ప్రూఫు కాగితము సగము చినిగినది. దానిని చూచిన మనుమడు, “తాతగారూ, ముందు వెనుక వాక్యాలు ఇస్తే ఏఐ నింపేస్తుంది కదా! అచ్చం ఆయన చెప్పినట్టే ఉంటుంది” అనెను. ప్రయత్నించి చూపెను కూడ. వచ్చిన నాలుగు వాక్యములు శాస్త్రసమ్మతములే. శైలియు గురువుగారిదిగనే తోచెను.

ఉపాధ్యాయులవారు వానిని రెండుమార్లు చదివిరి. “బాబూ, ఆ సీడీలో జరిగినదీ ఇదే. పైకి తెలుగు, లోపల మరొకటి. ఇదీ అంతే. పైకి గురువుగారి మాట. లోపల ఆయన లేరు. ఇవాళ మనకు తెలుసు. నీ తరువాతి వాళ్ళకు తెలియదు” అనిరి.

ఆ నాలుగు వాక్యములను తొలగించి, అచ్చట చుక్కల వరుస నుంచి, క్రింద ‘మూలము శిథిలము’ అని రెండు పదములు చేర్చిరి. తెలియనిదానిని తెలియనిదిగనే నిలుపుటయు జ్ఞానరక్షణమే.