ఐదు మార్కులు

పాతికేళ్ళ కిందటి మాట. నేను లెక్కల మాస్టార్ని. పాటల పిచ్చి ఉందని అందరికీ తెలుసు కాబట్టి మండల స్థాయి క్విజ్‌లో సంగీతం ప్రశ్నలు నన్నే తయారుచెయ్యమన్నారు. వాద్యాల గురించి నాకు తెలిసిందల్లా కేసెట్ల అట్టల మీద చదివిందీ, ఒక పాత గైడులో బట్టీపట్టిందీ. ఆ ధీమాతోనే ఆఖరి రౌండులో అడిగాను: సాక్సోఫోన్ ఏ కుటుంబం? తీగా, తోలా, కర్రా, ఇత్తడా?

ఎనిమిదో తరగతి పిల్ల లేచి "కర్ర సార్" అంది.

"కర్ర ఎక్కడ కనబడిందమ్మా నీకు? తళతళలాడుతుంటే!" అన్నాను. హాలంతా నవ్వు.

ఆ పిల్ల కూర్చోలేదు. "పీక పెట్టి ఊదుతారు కదండీ, మా నాన్న సన్నాయికి లాగే. కద్రి గోపాల్‌నాథ్ గారి సాక్సోఫోన్ కేసెట్లు మా ఇంట్లో ఉన్నాయి" అంది. ఈసారి వచ్చిన నవ్వు వేరు. సన్నాయి ఊదేది ఎవరో మా వైపు అందరికీ తెలుసు. ఆ నవ్వును ఆపాల్సినవాణ్ని నేనే. ఆపలేదు. పక్క జట్టు కుర్రాడు "ఇత్తడి" అనగానే ఐదు మార్కులు వేసేశాను. ఆ ఐదు మార్కులతోనే వాళ్ళు గెలిచారు.

మరుసటి ఏడు వైశాఖంలో ఒక పెళ్ళి. ఊరేగింపు అయ్యాక బ్యాండు వాళ్ళు పందిరి కింద టీ తాగుతున్నారు. సాక్సోఫోన్ ఆయన మూతి దగ్గరి ముక్క ఊడదీసి, దానికి బిగించిన పల్చటి చెక్కపేడు లాంటిదాన్ని నాలుకతో తడుపుతున్నాడు. ఏమిటని అడిగాను. "రీడండీ. ఇది లేకపోతే ఇంత పెద్దదీ ఉత్త గొట్టం" అని, అది తీసేసి ఊది చూపించాడు. బుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు. నాకు చెవులు వేడెక్కాయి.

తర్వాత చదివాను. అడాల్ఫ్ సాక్స్ అనే బెల్జియం ఆయన 1846లో పారిస్‌లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఒళ్ళంతా ఇత్తడే, కానీ మోగేది గాలికి వణికే ఆ రెల్లు బద్ద. అందుకే అది క్లారినెట్ పక్కన, కర్ర వాద్యాల్లో చేరింది. మన సన్నాయి సీవాళిలో రెండు బద్దలు, దాన్లో ఒకటి, అంతే తేడా. కద్రి వారు సన్నాయి విద్వాంసుడి కొడుకని తెలిశాక ఆ పిల్ల మాట ఇంకా గుచ్చుకుంది. ఇక పాశ్చాత్యులు ఇత్తడి కుటుంబం అంటున్నది నిజానికి పెదవుల కుటుంబం. ట్రంపెట్‌లో వణికేవి ఊదేవాడి పెదవులే. ఆ లెక్కన గుళ్ళో పూజారి ఊదే శంఖం ట్రంపెట్‌కి చుట్టం, రవ్వంత లోహం లేకపోయినా! నేను చూసింది వాద్యం ఒంటిని. అడగాల్సింది ఏది వణుకుతోందని.

ఈ ప్రశ్న నాట్యశాస్త్రం ఎప్పుడో వేసుకుంది. తతం, సుషిరం, అవనద్ధం, ఘనం: తీగ, గాలి, బిగించిన తోలు, గట్టి వస్తువు. 1914లో హార్న్‌బోస్టెల్, సాక్స్ (ఈ సాక్స్ వేరే ఆయన, జర్మన్) ప్రపంచ వాద్యాలన్నిటికీ కట్టిన పద్ధతిలోనూ మూలం ఈ నాలుగు గదులే.

తెలిశాక మారానా అంటే, సగమే. బడి గోడకి వేసిన చార్టులో హార్మోనియాన్ని పియానో పక్కన పెట్టాను, రెండిటికీ మెట్లున్నాయని. పద్యనాటకాల హార్మోనిస్టు ఒకాయన పెట్టె మూత ఎత్తి, లోపల వరసగా ఉన్న ఇత్తడి నాలుకలు చూపించాడు. తిత్తి గాలికి మోగేది సుషిరం. పియానోలో సుత్తులు తీగల్ని కొడతాయి. చార్టు దింపి మళ్ళీ రాశాను.

జమిడిక దగ్గర మాత్రం నోరు మూసుకుని ముందు అడిగాను. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్ల ముసలాయన చంకలో దాన్ని ఇరికించుకుని ఉన్నాడు. చూడ్డానికి ఒక పక్క తోలు మూసిన డోలు. ఆ తోలు నడిమి నుంచి బయల్దేరిన నరాన్ని ఎడం చేత్తో లాగిపట్టి, కుడి చేత్తో మీటుతున్నాడు. "ఇది తోలా, తీగా తాతా?" అన్నాను. ఆయన నరం వదులు చేసి మీటాడు, పలకలేదు. బిగించి మీటాడు, గుమ్మని మూలిగింది. "లాగితే నరం మాట్లాడుతది, తోలు ఊకొడతది" అన్నాడు. దీన్ని ఏ గదిలో పెట్టాలో పండితులే ఒక మాట మీద లేరని తర్వాత చదివాను.

ఆ పిల్ల తండ్రి మాత్రం కొన్నేళ్ళకి గుడి ఉత్సవంలో కనబడ్డాడు. స్వామి పల్లకీ ఇంకా లేవలేదు, ఆయన సీవాళి తడుపుకుంటున్నాడు. పక్కన చేరి క్విజ్ సంగతీ, నా తప్పూ చెప్పాను. ఆయన తలెత్తకుండా అంతా విన్నాడు.

"అది ఇప్పుడు గుంటూరులో డిగ్రీ చదువుతోందండీ. ఈ మాట దానికి చెప్పాలి, నాకు కాదు" అన్నాడు. ఇంతలో పల్లకీ లేచింది. ఆయన సీవాళి బిగించి రాగం అందుకున్నాడు. నేను గుంటూరు వెళ్ళలేదు.