నొప్పి ఉన్న చోటు పేరు

మన ఆడవాళ్ళం తలనొప్పి అంటాం, మోకాళ్ళ నొప్పి అంటాం. పిర్రలో నొప్పి అని మాత్రం అనం. అదేదో బూతుమాటైనట్టు "నడుం దగ్గర" అని సర్దేస్తాం.

నాకు పోయిన ఏడాది ఆవకాయ రోజుల్లో మొదలైంది. ఎడమ పిర్ర లోపలెక్కడో సలుపు. కూర్చుంటే ఎక్కువ. తుమ్మితే చాలు, తొడ వెనకనుంచి పిక్కలోకి జివ్వుమని పాకేది. వారం తిరిగేసరికి పాదం అంచూ చిటికెనవేలూ తిమ్మిరెక్కాయి. కాలినుంచి చెప్పు జారినా తెలిసేది కాదు. వాతం అన్నారు అత్తయ్యగారు.

డాక్టరమ్మ నన్ను పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తారు. సగం కూడా లేవకుండానే ప్రాణం పోయినంత పనైంది. "నొప్పి పిర్రలో, జబ్బు నడుంలో" అన్నారావిడ. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు పక్కకి జరిగి, కాల్లోకి దిగే నరాన్ని మొదట్లోనే నొక్కుతోందట. ఒంట్లో అన్నిటికన్నా లావైన నరం అదే. దీన్ని సయాటికా అంటారు. ఆయుర్వేదంలో పేరు గృధ్రసి. గృధ్రం అంటే రాబందు. కాలు ఈడ్చే రోగి నడక దానిలా ఉంటుందని ఆ పేరు.

చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుందన్నారు. మందులు, ఫిజియోథెరపీ రాశారు. మంచం పట్టొద్దు, మెల్లగా నడవమన్నారు. వంగి బరువులెత్తొద్దన్నారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. వాపు లేదు, కట్టు లేదు. పైగా నడుస్తున్నాను. "తగ్గిపోయినట్టుందే" అన్నారు మావారు. ఆ రాత్రి అన్నాల దగ్గర చెప్పేశాను. "నొప్పి పిర్రలో ఉంది. పాదం తిమ్మిరి. నడవడం నాకు మందు, బకెట్ మోయడం కాదు." మా అబ్బాయి ఆ మాటకి కిసుక్కున నవ్వాడు. మర్నాడు తడిబట్టల బకెట్ మేడమీదికి వాడే మోశాడు. గ్యాస్ సిలిండర్ మావారి వంతైంది. నాకు నొప్పి తగ్గడానికి రెండు నెలలు పట్టింది. చిటికెనవేలి తిమ్మిరి ఇంకా కొంచెం ఉంది.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. కూర్చునే చోట, మూత్రం వచ్చే చోట స్పర్శ తగ్గినా, మూత్రం బిగిసినా, మలమూత్రాలు ఆపుకోలేకపోయినా, పాదం పైకి లేవకపోయినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆలస్యమైతే ఆ నష్టం జన్మంతా ఉండిపోవచ్చు. చూడండి, ఇవన్నీ మనం పేరెత్తడానికి సిగ్గుపడే చోట్లే. ఆ సిగ్గు అంత ఖరీదైనది కాకూడదు.