మొదటి ఎత్తు మీదే!

మీ ఇంట్లో చదరంగం బల్ల ఉందా? ఉండే ఉంటుంది. పిల్లల పుట్టినరోజుకి ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. బంట్లు రెండు పోతే వాటి బదులు చొక్కా గుండీలో, చింతగింజలో పెట్టుకుని పిల్లలు ఆడుతూనే ఉంటారు. వాళ్ళు ఆడి వదిలేసిన పావులు ఏరి డబ్బాలో వెయ్యడమే తప్ప, మనం ఆ బల్ల ముందు కూర్చున్నదెప్పుడు చెప్పండి?

నేను నలభై రెండో ఏట కూర్చున్నాను. ఏ పావు ఎలా నడుస్తుందో మా అమ్మాయి రెండు సాయంత్రాల్లో నేర్పేసింది. అదేమంత బ్రహ్మవిద్య కాదు. చిక్కంతా మొదటి ఎత్తు దగ్గరే! తెల్లపావుల వాళ్ళు ముందు ఆడాలి కదా, మరి ఏది జరపాలి?

మనకి అలవాటైన ఆటలు గుర్తు చేసుకోండి. అష్టాచెమ్మాలో గవ్వలు ఎంత పడితే అంత నడుస్తాం. వైకుంఠపాళీలో నిచ్చెన ఎక్కినా, పాము నోట్లో పడినా అంతా పందెం దయ. చదరంగంలో గవ్వల్లేవు. అదృష్టం మీదికి నెట్టేయడానికి వీల్లేదు. "ఇవాళ కూరేం చెయ్యమంటారు?" అని అందర్నీ అడిగి పొయ్యి వెలిగించే మనకి, ఎవర్నీ అడక్కుండా ఒక పావు జరపడం కొత్తగానే ఉంటుంది మరి!

ఇంట్లో సలహాలకేం కరువు? మావారు "మంత్రి ముందు బంటు జరుపు, ఆట నిదానంగా ఉంటుంది" అన్నారు. అమ్మాయేమో "గుర్రాన్ని దూకించమ్మా" అంది. అత్తయ్యగారు మంచం మీంచే, "బంటు రెండు గళ్ళు నడవడమేమిటే, చోద్యం కాకపోతే!" అన్నారు. ఆవిడన్నదీ నిజమే లెండి. మన పాతకాలపు ఆటలో బంటు ఎప్పుడైనా ఒక్క గడే నడిచేది. ఇప్పుడు అంతటా ఆడే పద్ధతిలో, బంటు మొదటిసారి కదిలేటప్పుడు కావాలంటే రెండు గళ్ళు వెళ్ళచ్చు.

లెక్కేస్తే మొదటి ఎత్తుకి సరిగ్గా 20 దారులున్నాయి. ఎనిమిది బంట్లు ఒక గడో, రెండు గళ్ళో నడవచ్చు కనక 16. రెండు గుర్రాలకీ చెరో రెండు చోట్లు కనక 4. మిగతా పావులు అప్పటికి కదలలేవు. నేను ఈ ఇరవైలోంచి రాజు ముందు బంటుని రెండు గళ్ళు జరపడం ఎంచుకున్నాను. చెస్ పుస్తకాల్లో దీన్ని ఇ4 అని రాస్తారు. ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. నచ్చితేనే తీసుకోండి.

బల్ల నడిమధ్య నాలుగు గళ్ళున్నాయి చూశారూ, అవి వంటింట్లో పొయ్యి గట్టు లాంటివి. అక్కడ నిలబడితే అన్నీ చేతికందుతాయి. మూలగదిలో గుర్రం రెండు చోట్లకే దూకగలదు. నడిమధ్య ఉంటే ఎనిమిది చోట్లకి దూకుతుంది! రాజు ముందు బంటు రెండడుగులు వేస్తే ఆ నడిమి గళ్ళలో మనకో చోటు దొరికినట్టే. పైగా ఒక్క ఎత్తుతో రెండు తలుపులు తెరుచుకుంటాయి. మంత్రికీ దారి, ఒంటెకీ దారి. (మేం ఒంటె అంటాం, కొందరు శకటు అంటారు. పేరేదైనా ఏటవాలుగా నడిచేది అదే.)

ఇక మూడోది, నాకు బాగా నచ్చింది. రెండో ఎత్తుకి రాజు వైపు గుర్రాన్ని నడిమి వైపుకి తీసుకురండి. మూడో ఎత్తుకి ఆ పక్కనున్న ఒంటెని బయటికి తీయండి. ఇప్పుడు రాజుకీ ఏనుగుకీ మధ్య ఖాళీ అయింది కదా! నాలుగో ఎత్తుకి రాజుని ఏనుగు వైపు రెండు గళ్ళు జరిపి, ఏనుగుని రాజు దాటించి పక్కన నిలబెట్టండి. దీన్నే క్యాస్లింగ్ అంటారు. రాజు మూలకి చేరి భద్రంగా ఉంటాడు. నాలుగెత్తుల్లో ఇల్లు సర్దుకున్నట్టే!

చెయ్యకూడనివీ చెప్పాలి కదా. మంత్రి బలమైంది కదా అని మొదట్లోనే బయటికి తీయకండి. ఎదుటివాళ్ళ చిన్నపావులు తరుముతూ ఉంటే దాన్ని కాపాడుకోవడంతోనే పొద్దుపోతుంది. రాజు వైపు ఒంటె ముందు బంటుని తొందరపడి కదపకండి. ఆ బంటుని ఒక గడి, పక్కనున్న గుర్రం ముందు బంటుని రెండు గళ్ళు జరిపారంటే, ఎదుటివాళ్ళ మంత్రి రెండో ఎత్తుకే వచ్చి ఆట కట్టేయగలదు!

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఏ ఎత్తు ఎంచుకున్నా కొన్నాళ్ళపాటు దాన్నే ఆడండి. రోజుకో కొలతతో ఇడ్లీ పిండి రుబ్బితే తేడా ఎక్కడొచ్చిందో ఎలా తెలుస్తుంది? ఇదీ అంతే. అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్ దాదాపు ఎప్పుడూ రాజు ముందు బంటుతోనే మొదలుపెట్టేవాడు. 1972 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆరో ఆటకి మాత్రం మంత్రి వైపు ఒంటె ముందు బంటు జరిపి, ఆ ఆట గెలిచాడు. ఒకటి చేతికి పట్టుబడ్డాక రెండోదానికి వెళ్ళడానికి అడ్డేముంది?

"ఇంటి పనుల మధ్య ఇవన్నీ మనకెక్కడ కుదురుతాయండీ?" అంటారా? మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2017లో పాప పుట్టాక మళ్ళీ బల్ల ముందుకొచ్చి, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చెస్ విజేత అయింది. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో నిండు నెలలతో కూర్చుని ఆడింది. మన మహిళల జట్టుకి ఆ ఏడు కాంస్య పతకం వచ్చింది. మనం పతకాలు తేనక్కర్లేదు. మధ్యాహ్నం అరగంట మనదనుకుంటే చాలు.

ఆ అరగంట నాకేం ఇచ్చిందో చెప్పనా? మొదట్లో అన్ని ఆటలూ ఓడాను. కానీ "ఎందుకు జరిపావమ్మా అది?" అని అమ్మాయి అడిగితే చెప్పడానికి నా దగ్గర ఓ కారణం ఉండేది. ఆ అలవాటు బల్ల దగ్గరే ఆగలేదు. మా అమ్మాయిని హాస్టల్లో ఉంచి చదివించాలా, ఊళ్ళోనే చేర్చాలా అని ఇంట్లో మాటలు జరుగుతున్నప్పుడు, మావారు "నువ్వేమంటావ్?" అన్నారు. "మీ ఇష్టం" అనే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపి, హాస్టలే మంచిదని, ఎందుకు మంచిదో మూడు కారణాలు వరసగా చెప్పాను. ఆయన కాసేపు నాకేసి చూసి, "సరే, ఫారం తెప్పిస్తాను" అన్నారు.

ఇంకెందుకాలస్యం? కుడిచేతి మూల తెల్లగడి వచ్చేలా బల్ల పరవండి. తెల్లమంత్రిని తెల్లగడిలో, నల్లమంత్రిని నల్లగడిలో నిలబెట్టండి. పక్కింటి వదినగారిని కేకేసి నల్లపావులు ఆవిడకివ్వండి. "ఏది జరపమంటారు?" అని మాత్రం అడక్కండేం!