మావాడి పెడళ్ల బల్ల

మావాడు సగం సంగీతం చేతులతోనూ సగం కాలితోనూ వాయిస్తాడంటే మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకుంటే బాగుండేది. ఒకనాడు నలుగురిలో వాడి వాద్యం మూగపోతే లోలోపల సంతోషించాను కూడా. ఈ మాట మా ఇంటావిడకు సైతం చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మాది మంథని. పూర్వం కరీంనగరం జిల్లాలో వుండేది. 2016 అక్టోబరు నుంచి పెద్దపల్లి జిల్లా. గోదావరి ఒడ్డున వున్న ఈ వూరికి వేదపండితుల వూరని పేరు. మా తాతగారు ఘనపాఠి. తెల్లవారకుండానే అరుగుమీద శిష్యులకు సంథ చెబుతూ వుంటే, ఆ ధ్వని దుప్పటిలోకి కూడా వచ్చి నన్ను లేపేది. మా బాపు ఆ విద్యనే పట్టుకున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి గొలుసు తెగింది. నేను తెలుగు ఎమ్మే చదివి కళాశాలలో ఉపన్యాసకుణ్ణయ్యాను. ఇక మావాడి దగ్గర తెగడానికి ఏమీ మిగల్లేదు కనుక, వాడు ఎలక్ట్రిక్ గిటారు పట్టుకున్నాడు.

గిటారు ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాణ్ణి. దానికి పరివారం వుంది. అరచేతిలో పట్టే ఇనప డబ్బాలు ఐదు. ఒక్కొక్కదాని నెత్తిన ఒక మీట. వాయించేవాడు నిలబడి కాలితో దాన్ని తొక్కాలి. వీటిని పెడళ్లంటారు. మొదటిది శ్రుతి చూపిస్తుంది. రెండోది తీగ గొంతును బొంగురు చేస్తుంది. మూడోది ఒక్క గిటారును రెండు గిటార్లని భ్రమింపజేస్తుంది. నాలుగోది అన్న మాటనే మళ్లీ మళ్లీ అనిపిస్తుంది. ఐదోది ఇంట్లో వాయించినా గుడి మంటపంలో వాయించినట్లు చేస్తుంది. అన్నిటికీ తొమ్మిది వోల్టుల విద్యుత్తు చాలు. గిటారునుంచి బయల్దేరిన ధ్వని, జానెడేసి తీగల గుండా ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి పోయి, చివరికి స్పీకరు చేరుతుంది. మధ్యలో ఏ ఒక్క తీగ వూడినా కథ అంతటితో సరి.

"బొంగురు గొంతు పోవడానికి మిరియాల కషాయం తాగేవాళ్లను చూశాను గాని, డబ్బులిచ్చి బొంగురు కొనుక్కునేవాణ్ణి నిన్నే చూశానురా," అన్నాను ఒకరోజు, ఇంటికి వచ్చిన చుట్టాలు వింటూ వుండగా. అందరూ నవ్వారు. వాడు కూడా నవ్వాడు. అయితే వాడి నవ్వు కొంచెం ముందుగా ఆగిపోయింది.

ఆ బొంగురుకు ఒక చరిత్ర వుందని నాకు తర్వాత తెలిసింది. 1960 ప్రాంతంలో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక పాట రికార్డు చేస్తూ వుంటే యంత్రంలో ఏదో చెడి, బాస్ గిటారు ధ్వని చిరిగిపోయినట్లు వచ్చిందట. పారేయకుండా దాన్ని అట్లాగే వుంచారు. 1961లో ఆ పాట బయటికి వచ్చింది. జనానికి ఆ చిరుగే నచ్చింది. 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ అనే డబ్బా బజారులోకి వచ్చింది, కావాలని ఆ చెడ్డ ధ్వని చేయడానికి! అంతదూరం దేనికి? మన పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్, విద్యుత్తు మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి మెప్పించలేదా? ఇంటిపేరు పోయి మాండలినే ఆయన పేరు కాలేదా? ఇవన్నీ నాకు తెలియనివి కావు. అయితే ఒకరి బిడ్డ వాయిస్తే కళ అనిపించేది, మన బిడ్డ వాయిస్తే కాలక్షేపమనిపిస్తుంది.

2024 ఏప్రిల్ నెలాఖరున దగ్గరి పట్నంలో ఒక కళాశాల వార్షికోత్సవానికి మావాణ్ణీ, వాడి స్నేహితుల్నీ పిలిచారు. అప్పుడు వాడు డిగ్రీ రెండో సంవత్సరం. మా కారులోనే వెళ్లాం. ఐదు పెడళ్లనూ వాడు ఒక ప్లైవుడ్ ముక్క మీద వెల్‌క్రో పట్టీతో అంటించుకున్నాడు. పిల్లల చెప్పులకు చర్రున వూడదీసే పట్టీ వుంటుందే, అదే. మా ప్రాంతపు ఎండలు మీకు తెలియనివి కావు. రామగుండం పేరు పత్రికల్లో పడేది ఒకటి కరెంటుకు, రెండోది ఎండకు. ఆ బల్ల మధ్యాహ్నమంతా కారు డిక్కీలో వుండిపోయింది.

రాత్రి వేదిక మీద వీళ్లకంటె ముందు పిల్లల నృత్యం. అదంతా చెక్క వేదిక. వీళ్ల వంతు వచ్చింది. రెండో పాట మంచి పాకంలో వుండగా మావాడు బొంగురు డబ్బాను తొక్కాడు. అది కాలికింద సబ్బుబిళ్లలాగ జారింది. పక్కనున్న తీగ పుటుక్కుమని వూడింది. వాడు వాయిస్తూనే వున్నాడు, ధ్వని లేదు. వంగి తీగ పెట్టేసరికి రెండోది వూడింది. సభలో ఈలలు మొదలైనాయి. రెండు నిమిషాలకు తెర దించేశారు.

అప్పుడండీ, ఆ ఈలల మధ్య కూర్చుని నేను సంతోషించాను. 'ఇప్పటికైనా బుద్ధి వస్తుంది' అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో వాడు వెనక సీట్లో కూర్చున్నాడు. "పోనీలేరా, పెద్ద పెద్ద వాళ్లకే తప్పదు," అంటూ అద్దంలో వాడి ముఖం చూడబోయాను. ఎదుటి లారీ వెలుతురులో ముందు నా కళ్లే కనబడ్డాయి. ఆ కళ్లు నేను ఎరిగినవే. అవి మా బాపువి.

నాకు ఎమ్మేలో సీటు వచ్చిందని చెబితే మా బాపు, "తెలుగు మనకు వచ్చిందే గదరా, దానికి మళ్లీ చదువెందుకు?" అన్నారు. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక సాహిత్య సభలో మాట్లాడుతూ, నడుమ పద్యం మరిచిపోయి నిలబడిపోయాను. ఇంటికొచ్చి ఆ మాట చెప్పుకున్నాను. "కానీలే, అలవాటవుతుంది," అన్నది ఆయన నోరు. కళ్లల్లో మాత్రం ఒక చిన్న తృప్తి మెరిసింది. ఆ మెరుపును నేను ఇరవై ఏళ్లు క్షమించలేదు. ఆయన పోయిన తర్వాత కూడా క్షమించలేదు. అదే మెరుపు ఇప్పుడు నా ముఖంలో, నా కారు అద్దంలో!

మర్నాడు పొద్దున చూద్దును గదా, మావాడు అరుగుమీద బల్ల పెట్టుకుని, కరిగి సాగిన జిగురును పెట్రోలు గుడ్డతో గీకుతున్నాడు. మా తాతగారు సంథ చెప్పిన అరుగే అది. వాడి పక్కన కూర్చున్నాను. నా అంతట నేను వాడి సామాను దగ్గర కూర్చోవడం అదే మొదలు.

"వెల్‌క్రో తప్పేం లేదు బాపూ. అది ఇడిసిపెట్టలే. దాని యెనక జిగురే ఎండకు కరిగింది," అన్నాడు.

పరీక్షగా చూశాను. ఒక పట్టీ నిండా సన్నని కొక్కేలు. రెండో పట్టీ నిండా మెత్తని ఉంగరాలు. 1941లో స్విట్జర్లాండులో జార్జ్ ద మెస్త్రాల్ అనే ఇంజనీరు కుక్కతో షికారుకు పోయి, దాని బొచ్చుకు అంటుకున్న ముళ్లకాయలను సూక్ష్మదర్శిని కింద చూసి ఈ కిటుకు కనిపెట్టాడట. మన మరులమాతంగి కాయకూ అట్లాంటి కొక్కేలే. వినాయకచవితి పత్రి కోసం ఉత్తరేణి కోయబోతే గింజలు పంచె నిండా అంటుకుని ఇంటిదాకా రావడం ఎవరికి అనుభవం కాదు? మనం వాటిని తిట్టుకుంటూ ఏరిపారేశాం. ఆయన బట్టకెక్కించి 1955లో హక్కుపత్రం పుచ్చుకున్నాడు.

"అయితే ఏకంగా స్క్రూలతో బిగించరాదురా?" అన్నాను.

"డబ్బాకు బెజ్జం పెడితే పాడైతది. నైలాన్ ట్యాగులతోని కడితే గట్టిగనే వుంటది గాని, ఇప్పాల్నంటే కోసిపారెయ్యాలె. అడుగున వున్న రబ్బరు పీకి జిగురు పెడితే, రేపు అమ్మబోతే సగం ధర రాదు. గట్టిగ పట్టుకోవాలె, ఎప్పుడంటే అప్పుడు సుకూన్‌గ ఇప్పేటట్టు గూడ వుండాలె."

ఇరవై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి. ఈ రెండు వాక్యాలు ఎవరూ నాకు ఇంత స్పష్టంగా చెప్పలేదు. పెడళ్ల సంగతే వాడు చెప్పాడు. నేను మాత్రం మా బాపునూ, నన్నూ, వాణ్ణీ వరసగా తలుచుకున్నాను.

వాడు ఒక ఉపాయం చెప్పాడు. విదేశాల్లో గిటారు వాయించేవాళ్లు ఎప్పటినుంచో చేసేదేనట. పాత సైకిలు చైను కావాలన్నాడు. నేను చిన్నప్పుడు గంటకింతని అద్దెకు తెచ్చుకున్న సైకిల్ టాక్సీ దుకాణం ఇప్పుడు రిపేరు దుకాణంగా మిగిలింది. వెళ్లాం.

"పాత చైనా? గదేంజేస్తరు సారూ?" అన్నాడు ముసలాయన.

"మావాడి సంగీతానికి," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, చైనును దిమ్మె మీద పెట్టి, మేకులు కొట్టి విడదీసి ఇచ్చాడు. చైనులోని పక్కరేకు చూశారా? చిన్నది, ఎనిమిది అంకెలాగ వుంటుంది, అటొక బెజ్జం ఇటొక బెజ్జం. పెడలు అడుగున నాలుగు మూలల్లో నాలుగు స్క్రూలు పుట్టుకతోనే వుంటాయి. ఒక్కొక్క స్క్రూను విప్పి, రేకు ఒక బెజ్జంలోంచి దూర్చి, మళ్లీ తన చోటనే బిగించాలి. రేకు రెండో కొస డబ్బా బయటికి చెవిలాగ వస్తుంది. ఆ చెవిలోంచి బల్లకు ఇంకొక స్క్రూ. అంతే! డబ్బాకు గాయం లేదు, జిగురు లేదు, ఎండతో పేచీ లేదు. కావాలన్నప్పుడు స్క్రూలు విప్పుకోవచ్చు. ఐదు డబ్బాలకు ఇరవై రేకులు.

బల్లకు ప్లైవుడ్ వద్దన్నాను. ఇల్లు బాగుచేసినప్పుడు మిగిలిన టేకు తలుపు చెక్క అటక మీద వుంది. వడ్లాయన దాన్ని కొలతకు కోసి, చిత్రిక పట్టి, తీగలు కిందినుంచి పోవడానికి బెజ్జాలు వేసి ఇచ్చాడు. మావాడు బల్ల మీద డబ్బాలను పేర్చి, చెప్పులేసుకుని నిలబడి ఒక్కొక్కదాన్నీ తొక్కి చూశాడు. రెండు మీటలు ఒకేసారి కాలికింద పడకూడదు; తీగలు తిరగడానికి చోటుండాలి; ఎక్కువగా తొక్కేది దగ్గరగా వుండాలి. పద్యానికి అన్వయం కుదిర్చేటప్పుడు నేను పడే తంటా లాంటిదే ఇదీ. పెన్సిలుతో గుర్తులు నేను పెట్టాను.

బిగించబోతే వాడు నా చెయ్యి ఆపాడు. "ఒక్కటే పూర్తిగ బిగియ్యకు బాపూ. నాలుగూ వదులుగ ఎక్కియ్యి. ఎదురెదురు మూలలు కొంచెం కొంచెం బిగించుకుంట, మళ్లీ మొదటిదానికి రావాలె. లేకుంటే ఓ దిక్కు లేస్తది."

ముందుకు పోవడం, వెనక్కి రావడం, మళ్లీ ముందుకు పోవడం. చేతిలో స్క్రూ వుండగానే నాకు తాతగారి అరుగు వినిపించింది. ఘనలో అంతే కదా! ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్లీ ఒకటి రెండు మూడు. ప్రతి మాటనూ పక్క మాటతో ఇటూ అటూ ముడివేస్తారు, ఒక్క అక్షరం జారకుండా, ఒక్క స్వరం వూడకుండా. ధ్వనిని జారకుండా బిగించడమే మా ఇంటి విద్య అన్నమాట. వీడు మాకు దూరంగా ఎక్కడికీ పోలేదు.

అప్పుడు చెప్పేశాను. "అరే, ఆనాడు నీ పాట ఆగిపోయినప్పుడు నాకు..." అని, తర్వాతి మాట రాక ఆగాను.

వాడు తల ఎత్తలేదు. "ఎరుకే బాపూ. కారు అద్దంల నేను గూడ జూసిన," అన్నాడు. కొంచెంసేపు స్క్రూ తిప్పి, "ఇగో, ఈ మూల పట్టుకో, కదుల్తుంది," అన్నాడు.

పట్టుకున్నాను. ఆ పూటకి మా మధ్య అంతకంటె మాటలు లేవు.

ఆ సెప్టెంబరులో వినాయక నవరాత్రులకు గోదావరిఖనిలో ఒక పందిట్లో వాయించారు. జనమంతా మావాడి వేళ్లు చూస్తూ వుంటే నేను వాడి పాదం కేసి చూస్తూ కూర్చున్నాను. తొక్కినప్పుడల్లా నా గుండె ఝల్లుమనేది. ఒక్క డబ్బా కదల్లేదు. బొంగురు డబ్బా తొక్కి వాడు తీగను సాగదీస్తే, ఆ ధ్వనిలో ఏముందో నాకు మొదటిసారి వినిపించింది. దాన్ని వర్ణించడానికి నా ఎమ్మే చాలదు.

2025లో వాడు పై చదువుకు హైదరాబాదు వెళ్లాడు. వెళ్తూ బల్లను పాత దుప్పటిలో చుట్టుకుని పట్టుకుపోయాడు. ఇల్లు నిశ్శబ్దంగా వుంది. ఈ నిశ్శబ్దం కావాలనేగా ఒకప్పుడు గొణుక్కున్నాను!

మొన్న రాత్రి పదిన్నరకు ఫోను. ఆ వేళప్పుడు వస్తే మా ఇంటావిడకు గుండెదడ. నేనే తీశాను.

"బాపూ, ప్రతిధ్వని డబ్బా స్క్రూ ఒకటి ఎక్కడ్నో పడిపోయింది. రేపు ప్రోగ్రాం. ఏ సైజుది తేవాలె?"

వ్యాకరణం అడిగితే ఒక్క క్షణం ఆలోచించి చెబుతాను. ఇది ఆలోచించలేదు.

"చెక్కకు పోయేదా? ఆరో నంబరు, అరంగుళం. రెండు తెచ్చుకో, ఒకటి జేబులో వుంచుకో," అన్నాను.

"ఎవరండీ ఇంత రాత్రి?" అంది మా ఇంటావిడ.

"మావాడే. ఒక సందేహం వచ్చి నన్నడిగాడు," అన్నాను.